పాలపళ్ళ విమానాలు

పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల తిరునాళ్ళలో ఎడ్ల బండలాగుడు పందెం చూడనివారు అరుదు. ఆ పందెంలో ఒక కట్టుబాటు ఉన్నది. ఒంగోలు జాతి గిత్తలు ఎన్ని జతలు వచ్చినా అన్నిటినీ ఒకే బండకు కట్టరు. ముందుగా నోరు తెరిచి పళ్ళు చూస్తారు. పాలపళ్ళ జతలకు ఒక విభాగం, రెండు పళ్ళ జతలకు మరొకటి, నాలుగు పళ్ళకు, ఆరు పళ్ళకు వేరువేరు విభాగాలు. ఆపైన నిర్ణయించిన నిమిషాలలో ఏ జత ఎన్ని అడుగులు లాగినదో కొలిచి బహుమతి ఇస్తారు. ఈ పళ్ళ లెక్క లేకపోతే చిన్నరైతు తన కోడెలను పందెపు మైదానానికి తోలుకొని రాడు. వచ్చినా ఒక్కసారే వస్తాడు.

ఆకాశంలో పందెం వేసినవారికి కూడా ఈ చిక్కే ఎదురైనది. అది విడిపోవడానికి వారికి నలభై ఏండ్లు పట్టినది. తరువాత బొమ్మ విమానాల క్లబ్బులవారు అదే చిక్కులో పడి, విప్పుకొని, మళ్ళీ పడినారు. ఆ కథనే ఇప్పుడు చెప్పదలచినాము.

ఈ పందెములను ఇంగ్లీషువారు పైలాన్ రేసులంటారు. మన తెలుగునాట పైలాన్ అనగానే శంకుస్థాపనకో, పని పూర్తయినందుకో గుర్తుగా నిలిపే స్తంభం తలపునకు వస్తుంది. నాగార్జునసాగరం దగ్గర ఒక కాలనీకే ఆ పేరు స్థిరపడిపోయినది. గ్రీకు భాషలో ఆ మాటకు గోపురద్వారమని అర్థం. విమాన పందెంలో మాత్రం అది మలుపు గుర్తు. మైదానంలో మూడో నాలుగో స్తంభాలు నాటి, విమానాలన్నీ వాటి బయటి ప్రక్కగా చుట్టిరావలెనంటారు. ఒక ఊరినుండి మరొక ఊరికి పెట్టే పందెంలో విమానం బయలుదేరిన మరుక్షణమే కనుమరుగై పోతుంది. స్తంభాల చుట్టూ తిరిగే పందెంలో ప్రతి చుట్టూ చూపరుల కళ్ళయెదుటనే జరుగుతుంది.

1909 ఆగస్టు 22 నుండి 29 వరకు ఫ్రాన్సులోని రాంస్ నగరం చెంత బెతెని మైదానంలో ఇటువంటి పందెములు పెద్దయెత్తున జరిగినవి. రైటు సోదరులు ఎగిరి అప్పటికి ఆరేండ్లు నిండలేదు. పది కిలోమీటర్ల చుట్టు, రెండు చుట్లు. అమెరికానుండి వచ్చిన గ్లెన్ కర్టిస్ పదిహేను నిమిషాల యాభై సెకండ్లలో ముగించి గోర్డన్ బెన్నెట్ కప్పు గెలుచుకొన్నాడు. నెల క్రిందటనే ఇంగ్లీషు కాలువ దాటి జగత్ప్రసిద్ధుడైన బ్లెరియో ఆరు సెకండ్ల లోపు తేడాతో ఓడిపోయినాడు. గెలిచినవాని వేగం గంటకు 75 కిలోమీటర్లు; నేడు మన బస్సు అందుకొనేపాటిది.

తరువాతి ఇరవై ఏండ్లలో వేగంతోపాటు ఖర్చు, ప్రమాదం కూడా పెరిగినవి. 1929లో అమెరికాలోని క్లీవ్‌లండ్ నగరంలో డగ్ డేవిస్ అనే పైలట్ సైన్యపు విమానాలతో పోటీపడి గెలిచినాడు. నడుమ ఒక స్తంభం తప్పిపోతే వెనుకకు మళ్ళి, దానిని చుట్టివచ్చి, ఐనా గెలిచినాడు. చూచినవారు ఆ సాహసాన్ని చాలకాలం చెప్పుకొన్నారు. 1934లో అదే నగరంలో, అందరికంటె ముందున్న సమయంలో, ఆయన మళ్ళీ స్తంభం తప్పినాడు. మళ్ళీ వెనుకకు తిరుగబోయినాడు. ఈసారి విమానం పట్టుతప్పి నేలకూలినది. ఆయన మరణించినాడు.

రెండవ ప్రపంచ యుద్ధం ముగియగానే పాత పోరు విమానాలు అమ్మకానికి వచ్చినవి. డబ్బున్నవారు వాటిని కొని పందెములకు దింపినారు. 1930ల పందెములకు ప్రాణం పోసినది పెరటి కొట్టాలలో తమ చేతులతో విమానం కట్టుకొన్నవారు. వారికి ఇక చోటు లేకుండా పోయినది. అప్పుడు పందెపు పైలట్ల సంఘం ఒక చిన్న తరగతికి నియమాలు వ్రాసినది. గుడియర్ టైర్ల కంపెనీ బహుమతి ప్రకటించినది. ఇంజను 190 ఘనపు అంగుళాలకు మించరాదు. రెక్కల వైశాల్యం 66 చదరపు అడుగులకు తగ్గరాదు. చక్రాలు లోపలికి ముడుచుకొనేవిగా ఉండరాదు. ప్రొపెల్లరు రేకుల కోణం ఎగురుతుండగా మార్చుకొనే ఏర్పాటు ఉండరాదు. ఇందులో ప్రతి మాటకూ ఒక కారణం ఉన్నది. రెక్క కొంత పెద్దదైతే విమానం నెమ్మదిగా దిగగలుగుతుంది. ముడుచుకొనే చక్రాలు, కోణం మారే రేకులు ధనవంతుని పక్షాన పనిచేస్తాయి. పందెపు ఆనందానికి అవి కలిపేది లేదు.

1947లో ఈ తరగతిలో గెలిచినది బస్టర్ అనే విమానం. స్టీవ్ విట్‌మన్ అనే ఆయన 1931లో కట్టిన తన పాత విమానాన్నే విప్పి, మార్చి, తిరిగి కట్టినాడు. దానిని బిల్ బ్రెనండ్ నడిపి గంటకు 165 మైళ్ళ సగటు వేగంతో ముందు నిలిచినాడు. అదే సంవత్సరం పెద్ద తరగతిలో యుద్ధ విమానం గెలిచిన వేగం 396 మైళ్ళు. వేగంలో సగం కూడా లేని ఈ చిన్నవాటిని జనం మనసుపడి చూచినారు, ఒకదానినొకటి అంటిపెట్టుకొని తిరుగుతాయి కనుక.

ఇక పెద్దవాటి గతి. 1949 సెప్టెంబరులో క్లీవ్‌లండ్‌లో బిల్ ఓడమ్ నడుపుతున్న యుద్ధ విమానం రెండవ చుట్టులో అదుపుతప్పి, దాపున ఉన్న బెరియా అనే ఊరిలో ఒక ఇంటిమీద పడినది. ఓడమ్‌తోపాటు ఆ ఇంటి ఇల్లాలు, ఆమె పసిబిడ్డ చనిపోయినారు. పందెంతో ఏ సంబంధమూ లేక, తమ ఇంట తాము ఉన్నవారు. క్లీవ్‌లండ్ స్తంభాల పందెములు ఆ యేటితో ఆగిపోయినవి. 1964లో నెవాడా రాష్ట్రంలోని రీనో ఎడారిలో పందెములు మళ్ళీ మొదలై 2023 వరకు సాగినవి. అక్కడ ఫార్ములా వన్ అని పిలిచిన తరగతి ఈ గుడియర్ తరగతికి వారసురాలు.

బొమ్మ విమానాల వయస్సు అసలు విమానాలకంటె ఎక్కువ. 1871లోనే పెనో అనే ఫ్రెంచి యువకుడు రబ్బరు పురితో తిరిగే బొమ్మ విమానాన్ని పారిస్ తోటలో ఎగురవేసినాడు. ఐతే పందెం పెట్టడానికి బొమ్మను అదుపులో ఉంచవలెను గదా. రెండు తీగలు కట్టి గుండ్రంగా త్రిప్పే పద్ధతి 1940 ప్రాంతాన అమెరికాలో జిమ్ వాకర్ వల్ల ప్రచారంలోకి వచ్చినది. మన ఎన్.సి.సి. వాయు విభాగపు కుర్రవాళ్ళు నేర్చే విద్యలలో అది కూడా ఒకటి.  రేడియోతో నడిపే పద్ధతి అమెరికా జాతీయ పోటీలలో 1937లో ప్రవేశించినది. అన్నదమ్ములైన గుడ్ సోదరులు అదే కాలంలో కట్టిన ‘గఫ్’ అనే రేడియో విమానం నేటికీ స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉన్నది.

రేడియో మాట వచ్చినది కనుక కొంచెం ప్రక్కకు పోతాము. రాత్రివేళ మీ ఇంటి రేడియోలో ఒక స్టేషనుమీద మరొక స్టేషను పడి రెండు గొంతులు కలిసిపోవడం మీరు వినే ఉంటారు. మీరు విసుక్కొని ముల్లు త్రిప్పుతారు, అంతటితో సరి. గాలిలో ఉన్న బొమ్మ విమానానికి త్రిప్పుకొనడానికి ముల్లు లేదు. మేము కళాశాలలో చదివే రోజులలో ఒక పట్టణపు మైదానంలో ఇది కళ్ళార చూచినాము. పల్లెనుండి వచ్చిన ఒక కుర్రవాడు ఆరునెలలు కూర్చి కట్టుకొన్న విమానం రెండవ చుట్టులో ఉండగా, మైదానం అవతల ఎవరో అదే ఫ్రీక్వెన్సీమీద తమ పెట్టె మీట నొక్కినారు. ఎవరికి ఏ ఫ్రీక్వెన్సీ అని పలకమీద వ్రాసిపెట్టే ఏర్పాటు నిర్వాహకులు చేయలేదు. విమానం ముక్కు వంచి తిన్నగా దిగినది. కుర్రవాని తండ్రి బియ్యపు సంచిలో ముక్కలు ఏరివేస్తూ, “పోనీలే నాయనా, మళ్ళీ కట్టుకొందువులే” అంటున్నాడు. వారు మళ్ళీ ఆ మైదానానికి రాలేదు. 2.4 గిగాహెర్ట్జ్ పద్ధతి వచ్చిన తరువాత ఈ బాధ చాలవరకు తీరినది. పెట్టె తన విమానాన్ని తానే గుర్తుపట్టి దానితోనే మాట్లాడుతుంది.

1960వ దశకం మధ్యలో అమెరికా క్లబ్బులు గుడియర్ విమానాల నమూనాలతోనే స్తంభాల పందెం మొదలుపెట్టినవి. చూడముచ్చటగా ఉన్నవి, కాని అసలు విమానాన్ని పోలినట్లు కట్టడం అందరికీ చేతనయ్యే పని కాదు. కొద్ది ఏండ్లలో మైదానంలో మిగిలినవారు నిపుణులే. 1970లలో గ్లెన్ స్పిక్లర్ అనే ఆయన ‘క్వికీ 500’ అని ఒక నమూనా తయారుచేసినాడు. అందం జోలికి పోలేదు. శరీరం అట్టపెట్టెవలె నాలుగు పలకలు. రెక్క ఈ చివరినుండి ఆ చివరికి ఒకే వెడల్పు. వైశాల్యం 500 చదరపు అంగుళాలు, పేరులోని అంకె అదే. ఇంజను సుమారు ఆరున్నర సీసీలు; మన లూనా బండి ఇంజనులో ఎనిమిదవ వంతు. కొత్తవాడు కొన్ని సాయంత్రాలు కూర్చుంటే కట్టగలడు. పడి విరిగితే మరొకటి కట్టుకోగలడు.

ఆ తరువాత జరిగినది ఊహించవచ్చును. నియమాలలో శరీరాన్ని, రెక్కను గూర్చి వ్రాసినారు. ఇంజను కొలత వ్రాసినారు. ఇంజను ధర వ్రాయలేదు. పందెముల కోసమే ప్రత్యేకంగా చేసిన ఇంజన్లు అదే కొలతలో వచ్చి, పెట్టెవంటి ఆ విమానాన్నే గంటకు నూరు మైళ్ళకు పైబడి పరుగెత్తించినవి. కొత్తవారికోసం పుట్టిన తరగతిలో కొత్తవారికి చోటు చాలక, దాని క్రింద మళ్ళీ ‘స్పోర్ట్ క్వికీ’ అని మరొక మెట్టు వేయవలసి వచ్చినది. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. గెలవాలనుకొనే మనిషి మంచి ఇంజను కొనడం తప్పు కాదు. తప్పు నియమం వ్రాసినవారిదని మా అభిప్రాయం. బండ బరువు నిర్ణయించి పళ్ళు చూడడం మరిచినారు.

ఇటీవలి క్లబ్బులు కొన్ని మరొక దారి త్రొక్కినవి. నురుగు పదార్థంతో కర్మాగారంలో పోతపోసిన ఒకే రకపు విద్యుత్తు విమానం, ఉదాహరణకు పార్క్‌జోన్ కంపెనీ చేసిన టి-28, అందరూ కొనవలెను. పెట్టెలో వచ్చిన మోటారు తప్ప మరొకటి వాడరాదు. బ్యాటరీ కూడా ఒకే పరిమాణం. కిలోకు మించని తూకం. ఇక తేడా చేతివాటంలోనే ఉంటుంది. కొన్నిచోట్ల కాలపు హద్దు పెడతారు: ఇన్ని సెకండ్లకంటె వేగంగా ముగించినవాడు ఆ విభాగానికి తగడు, పై విభాగానికి పోవలెను.

పందెం నడిచే తీరు చెబుతాము. అంతర్జాతీయ పోటీలలో మైదానం సన్నని ముక్కోణం: రెండు స్తంభాల నడుమ 40 మీటర్లు, మూడవది 180 మీటర్ల దూరాన. చుట్టు 400 మీటర్లు, పది చుట్లు; ఉత్తమ విమానాలు నాలుగు కిలోమీటర్లనూ నిమిషంలోపు ముగిస్తాయి. క్లబ్బు పందెంలో ఇంత వేగం ఉండదు. ఒక్కొక్క విడతలో మూడు నాలుగు విమానాలు లేస్తాయి. నడిపేవాని ప్రక్కన ఒక సహాయకుడు నిలిచి “ఇప్పుడు తిప్పు” అని కేకవేస్తాడు, ఎందుకంటే దూరాన ఉన్న స్తంభాన్ని విమానం దాటినదీ లేనిదీ ఇక్కడినుండి తెలియదు. స్తంభం లోపలగా కోసుకొని వచ్చినవానికి అదనపు చుట్టో, అదనపు కాలమో శిక్ష. రెండవసారి కోస్తే ఆ విడతకు సున్న. డేవిస్‌వలె వెనుకకు మళ్ళడం మాత్రం లేదు. మాకు నచ్చిన మరొక కట్టుబాటు ఏమంటే, ఓడినవాడిని ఇంటికి పంపరు. అందరూ అన్ని విడతలూ ఎగురవేస్తారు, మార్కులు చివర కూడుతారు. మొదటిసారి వచ్చినవాడు కూడా నిపుణునితో సమానంగా చేయి తిప్పుకొంటాడు.

బెరియాలో జరిగినదానిని తలచి ఒక లెక్క చెప్పవలసి ఉన్నది. రెండు కిలోల బొమ్మ గంటకు 200 కిలోమీటర్ల వేగంతో తగిలితే, అరవై కిలోల మనిషి పదిహేడు అడుగుల ఎత్తునుండి పడినంత శక్తి ఆ దెబ్బలో ఉంటుంది. కనుకనే మైదానంలో పనిచేసేవారు శిరస్త్రాణం లేక అడుగుపెట్టరాదు. కిలోకు లోపు తూకం, తక్కువ వేగం గల తరగతిని మేము ఖర్చు తగ్గుతుందని మాత్రమే మెచ్చుకోవడం లేదు.

పొదిలి చుట్టుప్రక్కల ఇటువంటి పందెం జరపడానికి నేలకు కొదువ లేదు. 1970లో ఒంగోలు జిల్లాగా ఏర్పడి 1972లో ప్రకాశం పేరు పొందిన జిల్లాలోనే, పొదిలికి ఉత్తరాన దొనకొండలో, రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిషువారు వేసిన విమాన మైదానం ఉన్నది. అది కాకున్నా, పత్తి, మిరప కోతలు ముగిసి కళ్ళాలు ఎత్తివేసిన తరువాత వేసవిలో ఎంత దూరమైనా బయలే. భారత ప్రభుత్వపు 2021 డ్రోన్ నియమాలు, కంటిచూపు మేరలో వినోదానికీ విద్యకూ ఎగురవేసే 25 కిలోల లోపు నమూనాలను వేరుగా గుర్తించినవి. ఐనా ఎగురవేసే చోటు ఆకుపచ్చ మండలంలో ఉన్నదో లేదో ముందుగా పటంలో చూచుకొనవలెను.

సామానుకు వస్తే మూడు వెదురు బొంగులు, స్తంభానికొక జెండా, సెకండ్లు చూపే గడియారం, బ్యాటరీలనూ విమానాలనూ తూచడానికి ఒక త్రాసు. చూపరులు నిలిచే గీత నడిపేవారి వెనుక ఉండవలెను, చివరి స్తంభపు దిక్కున ఎవ్వరినీ నిలువనీయరాదు. ఎండ తీక్షణం కాకముందే, ఉదయం గాలి తక్కువగా ఉన్న రెండు గంటలలో, నాలుగైదు విడతలు ముగించుకోవచ్చును.