తీగ తెగిన చోట తరంగం, తరంగం అందని చోట అంతర్జాలం

దూరాన ఉన్న ఇద్దరు మనుషులు మాట్లాడుకోవడానికి మొదట తీగ వచ్చింది, తరువాత తరంగం వచ్చింది. ఈ రెండింటినీ ముడివేసిన మూడో దారి ఒకటుంది. ఎక్కడో ఉన్న రెండు వైర్‌లెస్ సెట్లను అంతర్జాలం ద్వారా కలిపి, ఒక ఊరి గాలిలో పలికిన మాటను మరో ఊరి గాలిలో వినిపించే విద్య అది. ఈ టపా దాని చరిత్రను గురించి. ఈ కథను మా గుంటూరు, ప్రకాశం జిల్లాల వైపు నిలబడి చెప్పదలచుకున్నాను. పత్తి, మిరప పండే ఈ నల్లరేగడికి తూర్పున సముద్రముంది. ఆ సముద్రపు కబురు ఆలస్యమైతే ఏమవుతుందో ఈ నేలకు బాగా తెలుసు.

1977 నవంబరు 19 నాటి ఉప్పెన మనకు దివిసీమ పేరుతో గుర్తుండిపోయింది. ఆనాడు సముద్రం కృష్ణా జిల్లా ఎల్ల దగ్గర ఆగలేదు. గుంటూరు జిల్లాలోని రేపల్లె, బాపట్ల తీరాలమీదికీ వచ్చింది. నీరు దాదాపు 5 మీటర్ల ఎత్తున లేచింది. అధికారిక లెక్కల ప్రకారమే మృతులు సుమారు పదివేలు. అసలు సంఖ్య ఇంకా ఎక్కువని చాలామంది అంచనా. తంతి స్తంభాలు కూలాయి, టెలిఫోను తీగలు తెగాయి, రోడ్లు కొట్టుకుపోయాయి. ఎంత ప్రాణనష్టం జరిగిందో బయటి లోకానికి తెలియడానికే రోజులు పట్టింది.

1990 మే 9న కృష్ణా ముఖద్వారానికి చేరువలోనే మరో పెనుతుపాను తీరం దాటింది. ఈసారి ముందుగానే 6 లక్షల మందికి పైగా జనాన్ని తరలించారు. మృతుల సంఖ్య వెయ్యిలోపు ఆగింది. వెయ్యి ప్రాణాలు తక్కువని కాదు. కానీ పదమూడేళ్ళలో వచ్చిన ఆ తేడాను గమనించాలి. ఉపగ్రహ చిత్రాలు, తుపాను ఆశ్రయాలు, అధికారుల శ్రమ, అన్నీ అందుకు కారణాలే. అన్నిటికీ అడుగున ఉన్నది మాత్రం ఒకటే: కబురు వేళకు చేరడం.

ఇక రేడియో సంగతి. ప్రభుత్వ పరీక్ష ఉత్తీర్ణులై, లైసెన్సు పొంది, లాభాపేక్ష లేకుండా వైర్‌లెస్ నడుపుకునేవారిని హామ్‌లంటారు. మన దేశంలో ఈ విద్యకు ఆద్యుడు అమరేంద్ర చంద్ర గుప్తు. ఆయన 1921లో ప్రారంభించాడు. స్వతంత్ర భారతంలో దీనికి 1978 నాటి నియమావళి ఉంది. 1983లో హైదరాబాదు కేంద్రంగా జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఏర్పడి ఎందరికో శిక్షణనిచ్చింది. ప్రధానిగా పనిచేసిన రాజీవ్ గాంధీ కూడా లైసెన్సున్న హామే. ఈ సెట్లలో వ్యాపారం మాట్లాడకూడదు. గుంటూరు యార్డులో మిర్చి క్వింటాలు ఏ ధర పలికిందో వ్యాపారికి చేరవేయడానికి అవి పనికిరావు. అందుకని మనవాళ్ళకు ఇదొక కాలక్షేపంగా కనిపించడంలో వింత లేదు. అయితే తుపానునాడు ఆ కాలక్షేపమే అక్కరకొస్తుంది.

చేతిలో ఇమిడే సెట్టు వాడే అతిహెచ్చు పౌనఃపున్య తరంగాలు ఇంచుమించు చూపు ఆనినంత మేరే పోతాయి. లెక్క తేలికే. ఏంటెనా ఎత్తు ఎన్ని మీటర్లో చూసి, దాని వర్గమూలాన్ని 4.12తో హెచ్చిస్తే రేడియో దిగంతం ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. మనిషి నిలబడి మాట్లాడితే 5 కిలోమీటర్లు. నూరు మీటర్ల టవరుకు 41. మూడు వందల మీటర్ల కొండకు 71. సెట్టు మాటను అందుకొని బలంగా తిరిగి పలికే రిపీటరును కొండమీద పెట్టేది ఇందుకే. మాది చదునైన నేల కనుక అడ్డంకులు తక్కువ. అయినా గుంటూరు నుంచి ఒంగోలు రోడ్డు దారిన వంద కిలోమీటర్లకు పైమాటే. ఒక్క రిపీటరు ఆ రెండు ఊళ్ళ చేతిసెట్లనూ కలపడం కష్టం.

ఈ చిక్కు మనదొక్కరిదే కాదు. 1997లో కెనడాలోని వాంకూవరులో డేవిడ్ కామెరాన్ అనే హామ్, రేడియోలను అంతర్జాలంతో ముడివేసే ఏర్పాటు మొదలుపెట్టాడు. దాని పేరు ఐ.ఆర్.ఎల్.పి. మొదట విండోస్ మీద నడిపి, అది నిలకడగా లేకపోవడంతో లినక్స్‌కు మారాడు. 2002లో అమెరికాకు చెందిన జొనాథన్ టేలర్ ఎకోలింక్ అనే సాఫ్టువేరును విడుదల చేశాడు. అది వేగంగా ప్రపంచమంతా పాకింది.

ఇందులోని కిటుకు చూస్తే ముచ్చటేస్తుంది. రేడియో స్పీకరు నుంచి వచ్చే ధ్వనిని కంప్యూటరు సౌండు కార్డులోకి పంపుతారు. అక్కడ అది అంకెలుగా మారి, చిన్నచిన్న పొట్లాలుగా అంతర్జాలంలో ప్రయాణిస్తుంది. అవతలి కంప్యూటరు ఆ పొట్లాలు విప్పి, మళ్ళీ ధ్వనిగా మార్చి, అక్కడి రేడియో మీట తానే నొక్కి గాలిలోకి వదులుతుంది. ఏ ఊరితో కలవాలో చెప్పడానికి సెట్టుమీది అంకెల మీటలు చాలు. సెల్‌ఫోన్లు వాడే జి.ఎస్.ఎం. పద్ధతిలో మాటను కుదిస్తే సెకనుకు 13 కిలోబిట్లు సరిపోతాయి. అంటే 56 కిలోబిట్ల డయలప్ మోడెము మీద కూడా ఇది నడిచింది. మోడెము కీచుమంటుంటే చెవులప్పగించి కూర్చున్న ఆ రోజులు గుర్తున్న మిత్రులకు దీని విలువ వేరే చెప్పనక్కరలేదు.

రెండు పద్ధతులకూ ఒక సిద్ధాంత భేదముంది. ఐ.ఆర్.ఎల్.పి.లోకి రేడియో ద్వారానే ప్రవేశించాలి. కంప్యూటరు ముందు కూర్చున్నవాడికి నేరుగా ప్రవేశం లేదు. ఎకోలింక్‌లో లైసెన్సు రుజువు చేసుకున్నవాడు రేడియో లేకపోయినా కంప్యూటరు నుంచే మాట్లాడవచ్చు. 'సగం దూరం తీగమీద పోయినదాన్ని రేడియో అనవచ్చునా?' అని ఛాందసులు ఆనాడు ప్రశ్నించారు. ఇప్పటికీ ప్రశ్నించేవారున్నారు.

ఆ ప్రశ్నలో ఒక పెద్ద నిజముంది. తుపానులో మొదట పోయేవి తీగా, కరెంటే. అంతర్జాలం వాటిమీదనే బతుకుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు అంత నగరంలోనూ ఫోన్లు మూగబోయాయి. అలాంటి రోజున అంతర్జాలాన్ని నమ్ముకున్న రేడియో ఏ గట్టుకు చేరుస్తుంది?

జవాబు అమెరికాలో దొరుకుతుంది. అక్కడ ఎకోలింక్, ఐ.ఆర్.ఎల్.పి.లను కలిపి తుపానుల కోసం ఒక వేదిక నడుపుతున్నారు. మయామిలోని జాతీయ హరికేన్ కేంద్రంలో హామ్‌ల స్టేషను ఒకటుంది. తుపాను దారిలో ఉన్న హామ్ తన ఇంటి దగ్గర గాలి వేగమెంత, పీడనమెంత, నీరెంత వచ్చింది చెబుతాడు. దగ్గరలో అంతర్జాలం బతికివున్న గేట్‌వే ఆ మాటను అందుకొని మయామికి చేరుస్తుంది. ఉపగ్రహం పైనుంచి చూసేదానికి నేలమీది మనిషి సాక్ష్యం తోడవుతుంది. అంతర్జాలం ప్రమాదస్థలందాకా రానక్కరలేదు. తరంగం అందినంత దూరంలో ఎక్కడో ఒకచోట బతికివుంటే చాలు.

అదీ లేకపోతే హ్రస్వతరంగాలున్నాయి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిననాడు, హైదరాబాదు సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ బృందం ప్రత్యేక అనుమతితో హామ్ రేడియో నడుపుతూ పోర్టుబ్లెయిరులో ఉంది. ఆనాడు మన రాష్ట్రతీరంలోనూ వందమందికి పైగా చనిపోయారు. అండమాన్‌లో సంబంధాలు తెగిపోగా, వినోదానికి తెచ్చుకున్న ఆ సెట్లే ప్రధాన భూభాగానికి క్షేమసమాచారాలు మోశాయి. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పి.ఎస్.ఎల్.వి.-సి6 రాకెట్టు హామ్‌ల కోసమే చేసిన హామ్‌శాట్ ఉపగ్రహాన్ని నింగికెత్తింది. 2014 దాకా అది సేవలందించింది. మన ఆకాశం నుంచి ఎగిరిన ఆ చిన్న ఉపగ్రహం ద్వారా పరదేశాల హామ్‌లెందరో మాట్లాడుకున్నారు.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. వరి, మిరప, పత్తి, పొగాకు చేలు నీట మునిగాయి. నేడు ప్రతి చేతిలోనూ సెల్‌ఫోను ఉంది గనుక ఇక రేడియో ఎందుకని అడిగేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. సెల్‌ఫోనుకు టవరు కావాలి, టవరుకు కరెంటు కావాలి, ఆ కరెంటు పోయాక బ్యాటరీ కొన్ని గంటలే ఆగుతుంది. కారు బ్యాటరీతో నడిచే రేడియోకు అవతల మరో మనిషి ఉంటే చాలు.

చిక్కంతా ఆ మనిషి దగ్గరే ఉంది. సౌండు కార్డు, సాఫ్టువేరు, కొండమీద రిపీటరు, ఇవన్నీ డబ్బుతో సమకూడేవే. నిజాంపట్నంలోనో వాడరేవులోనో లైసెన్సున్న ఒక మాస్టారు, ఒంగోల్లో గేట్‌వే చూసుకునే ఒక ఇంజనీరింగు విద్యార్థి, వారానికొకసారి పలకరించుకునే అలవాటు, ఇవి తుపాను వచ్చిన రోజున పుట్టవు. ఏళ్ళ ముందే ఉండాలి. ఏ కబురూ లేని రోజుల్లో ఊరికే మాట్లాడుకునేవారే కబురు అవసరమైన రోజున పనికొస్తారు. ఉప్పెన చూసిన తరం వెళ్ళిపోతున్నది. ఆనాడు తెగిన తీగల సంగతి వాళ్ళు చెబుతుండగా వినగలిగినవాళ్ళం మనమే. మీ ఊళ్ళో ఇలాంటి లైసెన్సున్నవారెవరైనా ఉంటే, ఈసారి పండక్కి వెళ్ళినప్పుడు ఒకమారు వారి గది చూసి రండి. వెంట ఒక బడిపిల్లవాణ్ణి కూడా తీసుకువెళ్ళండి.