ఎల్లమీది చెరువు: పాలారు ఎగువన నీటి కట్టుబాట్లు

పోరుమామిళ్ల చెరువు శాసనాన్ని మన విద్యార్థులు ఒక్కసారైనా చదవాలి. కడప జిల్లాలోని ఈ చెరువును మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఉదయగిరి నుంచి పాలించే కాలంలో కట్టించాడు. శాసనం శక సంవత్సరం 1291, అంటే క్రీ.శ. 1369 నాటిది, భాష సంస్కృతం. వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్ల పాటు పనిచేస్తే కట్ట పూర్తయిందని అందులో ఉంది. అంతకంటె విలువైన సంగతి మరొకటి ఉంది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలనూ, ఉండకూడని ఆరు దోషాలనూ శాసనకర్త వరుసగా చెప్పాడు. కట్ట ఊట వేయడం, చవిటి నేల, చెరువు నడుమ మెరక, నీరు తక్కువై సాగునేల ఎక్కువ కావడం, నీరు ఎక్కువై నేల తక్కువ కావడం అనే ఐదూ ఏ మేస్త్రీని అడిగినా చెప్పగల దోషాలే. ఆరవది నేలకు గాని నీటికి గాని సంబంధించినది కాదు. చెరువు రెండు రాజ్యాల ఎల్లమీద ఉండరాదట.

కోలారు, హోసూరు, వాణియంబాడి వంటి చోట్ల ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో కన్నడమో తమిళమో చదువుకొన్నవారికి ఈ ఆరవ దోషాన్ని వివరించనక్కరలేదు. మన ఊళ్లే ఎల్లమీది ఊళ్లు. అయితే అక్కడి వంకలమీద చెరువులు శతాబ్దాల పాటు పనిచేశాయి. అంటే ఆ దోషానికి ఊళ్లవాళ్లు ఏదో ఒక విరుగుడు కనిపెట్టుకొన్నారన్నమాట. ఆ విరుగుడు ఏమిటో, అది ఎట్లా చెడిందో చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు నేల స్వరూపం. నంది కొండల చుట్టుపక్కల నుంచి ఉత్తర పినాకిని, దక్షిణ పినాకిని, చిత్రావతి, పాపాఘ్ని తలొక దిక్కుకు పోతాయి. పాలారు కోలారు జిల్లాలో పుట్టి, బేతమంగళం మీదుగా వచ్చి, చిత్తూరు జిల్లా కుప్పం ప్రాంతంలో సుమారు 33 కిలోమీటర్లు పారి, తమిళనాడులో ప్రవేశిస్తుంది. వీటిలో ఏదీ ఏడాది పొడుగునా పారే నది కాదు. వాన పడ్డ నాలుగు రోజులు వంకలు పొంగుతాయి, తరువాత ఇసుక మిగులుతుంది. కాబట్టి ఇక్కడి రైతు నదిని నమ్ముకోలేదు. వంక పొడుగునా ఒకదాని కింద ఒకటిగా చెరువులు కట్టి, పై చెరువు నిండి పొర్లిన నీరు కింది చెరువులో చేరేటట్టు అమర్చుకొన్నాడు. వీటినే గొలుసుకట్టు చెరువులంటాం.

గొలుసులో ఏ చెరువూ ఒంటరిది కాదు. పై ఊరివాళ్లు తమ చెరువు అలుగుమీద రెండు వరుసల రాళ్లు పేర్చి మట్టి పూస్తే వారికి మరికొంత నీరు నిలుస్తుంది. కింది ఊరి చెరువుకు ఆ మేరకు తగ్గుతుంది. కట్ట బలహీనమై పై చెరువు తెగితే ఆ వరద కింది చెరువును కూడా తెంచుకొని పోతుంది. అందువల్ల అలుగు ఎత్తు ఎంత ఉండాలన్నది పై ఊరి సొంత వ్యవహారం కాలేదు. చెరువులోకి నీరు తెచ్చే కాలువల్లో పూడిక వానలకు ముందే తీయాలి. వేసవిలో చెరువు మట్టిని బండ్లతో పొలాలకు తోలుకోవాలి. చెరువు లోతు నిలుస్తుంది, పొలానికి ఎరువూ దక్కుతుంది. నీరు చాలని ఏడు తూముకు దగ్గరి నేల మాత్రమే తడిపి, దాన్ని దామాషా ప్రకారం అందరూ పంచుకొని సాగుచేయాలి. ఇవి ఒక్కరు చేయగల పనులు కావు, ఒక్క ఊరు చేయగల పనులూ కావు.

ఈ ఏర్పాటుకు సాక్ష్యం శాసనాల్లో ఉన్నంతగా మాటల్లోనూ ఉంది. తెలుగు చెరువు, కన్నడ కెరె ఒకే ధాతువు నుంచి పుట్టినవి. ఇ, ఎ అచ్చుల ముందు పూర్వపు కకారం తెలుగులో చకారమైంది. కన్నడంలో కకారంగానే నిలిచింది. చెవి - కివి జంటలో చూసేదీ ఇదే. మన తూము తమిళంలో తూంబు, కన్నడంలో తూబు. తెలుగు, తమిళ ప్రాంతాల ఆయకట్టు కన్నడంలో అచ్చుకట్టు. కాని మిగులు నీరు పొర్లే చోటుకు మాత్రం ఎన్ని పేర్లో! తెలంగాణాలో మత్తడి, రాయలసీమలో మరవ, మొరవ, మరికొన్ని చోట్ల అలుగు, కన్నడంలో కోడి, తమిళంలో కలింగు. చెరువు, తూము వంటి మాటలు భాషల మధ్య కలిసిపోతున్నాయి. నీరు ఒక ఊరి నుంచి మరొక ఊరికి దాటే చోటు మాత్రం ఎక్కడికక్కడ వేరు పేరు పెట్టుకొంది. తగవు పుట్టే స్థలం అదే కనుక ప్రతి సీమా దానికి తన సొంత మాటను భద్రపరచుకొందని నాకు తోస్తుంది.

మూడు భాషలకూ ఉమ్మడి అయిన ధాతువు మరొకటి ఉంది: కట్టు. చెరువుకు ఉన్నది కట్ట. పొలానికి నీరు పెట్టడాన్ని నీళ్లు కట్టడం అంటాం. నలుగురూ కూడి ఒప్పుకొన్న నియమం కట్టుబాటు. మట్టిని నిలిపే పనికీ, మనుషులను నిలిపే మాటకూ ఒకే క్రియ సరిపోయింది.

కట్టుబాటు ఉత్తమాటతో నిలవదు. దానికి ఆదాయం కావాలి. చెరువు కట్టినవారికీ, బాగుచేయించినవారికీ ఆ చెరువు కింది నేలలో కొంత భాగం పన్ను లేకుండా గాని, తగ్గింపు పన్నుతో గాని ఇచ్చేవారు. తెలుగు సీమలో దీని పేరు దశబంధం, కన్నడంలో కట్టుకొడగె. ఇనాం అనుభవించే కుటుంబం చెరువును బాగుచేస్తూ ఉండాలన్నది షరతు. తమిళ సీమలో మొదటి పరాంతక చోళుని కాలపు ఉత్తరమేరూరు శాసనాలు, 919, 921 సంవత్సరాలవి, చెరువు బాగోగులు చూసే ఏరి వారియం అనే సంఘాన్నీ, చీట్లు తీసి సభ్యులను ఎన్నుకొనే పద్ధతినీ చెబుతున్నాయి.

తూము తెరవడం, మూయడం, వంతు ప్రకారం మడికి నీరు పారించడం ఒక ప్రత్యేక వృత్తి. కోలారు ప్రాంతంలో అతను నీరుగంటి, తమిళంలో నీర్‌కట్టి, తెలంగాణాలో నీరటి. పంట నూర్చినప్పుడు కళ్లంలో కొలిచి ఇచ్చే ధాన్యమే అతని జీతం. కోలారు ఊళ్లలో నీరుగంట్లు చాలావరకు దళిత కుటుంబాలవారు. ఆయకట్టులో తనకు నేల లేనివాడు, ఉన్నా కొద్దిగా ఉన్నవాడు పక్షపాతం చూపడని ఊరి నమ్మకం. ఇందులోని అన్యాయాన్ని కప్పిపుచ్చరాదు. ఎవరి మడికి ఎంత నీరు చాలునో అందరికంటె బాగా తెలిసినవాడికి సొంత మడి లేదు. వానరాత్రి కట్టమీద కాపలా ఉన్నవాడికి పంచాయితీలో కూర్చొనే చోటు లేదు. పూర్వపు సహకారాన్ని పొగిడేటప్పుడు ఆ సహకారం ఎవరి రెక్కలమీద నిలిచిందో కూడా చెప్పాలి.

కంపెనీ పాలనలో రైత్వారీ పద్ధతి వచ్చాక ప్రభుత్వం ఒక్కొక్క రైతుతో వేరువేరుగా లెక్క చూసుకొంది. చెరువు సర్కారుది, మరమ్మతు ఊరిది అన్న స్థితి ఏర్పడింది. ఊరివాళ్లు చేయవలసిన చెరువు పనిని కుడిమరామత్తు అన్నారు. తమిళ కుడికి అరబ్బీ మరమ్మతు చేరి పుట్టిన మాట ఇది. పాత వాడుకకు కచేరీ పెట్టిన పేరు. 1858లో మొదటి చట్టంగా మద్రాసు నిర్బంధ శ్రమ చట్టం వచ్చి, ఈ పని ఎగగొట్టినవారికి జరిమానా విధించబూనింది. కట్టుబాటును చట్టంగా రాయవలసి వచ్చిందంటే అప్పటికే అది సడలుతోందని అర్థం చేసుకోవచ్చు.

రెండు ఊళ్ల మధ్య ఉన్న అలుగు తగవే 1892లో రెండు రాజ్యాల ఒప్పందంగా మారింది. పాలారు, చిత్రావతి, పాపాఘ్ని, రెండు పినాకినులతో సహా 15 ముఖ్య నదులమీద మద్రాసు ముందస్తు సమ్మతి లేకుండా మైసూరు కొత్త జలాశయాలు కట్టరాదనీ, దిగువన అప్పటికే అనుభవంలో ఉన్న హక్కును కాపాడటానికి తప్ప మద్రాసు సమ్మతి నిరాకరించరాదనీ అందులో రాసుకొన్నారు. భాష కచేరీది, న్యాయం మాత్రం పై చెరువు, కింది చెరువుల పాత న్యాయమే. తేడా ఒక్కటే. ఊరి తగవులో ఇద్దరూ అలుగు దగ్గర నిలబడి మాట్లాడుకొనేవారు. 2006లో కుప్పం దగ్గర తలపెట్టిన ఆనకట్ట విషయంలో తమిళనాడు సుప్రీంకోర్టుకు వెళ్లేనాటికి, తగవు పారే నీటికి చాలా దూరం జరిగిపోయింది.

ఊళ్ల లోపల కట్టుబాటును నిజంగా తెంచింది గొట్టపు బావి. బోరు ఉన్న రైతుకు తూముతో పని లేదు, పూడిక తీయడానికి రావలసిన అగత్యం లేదు. చెరువు నిండితేనే బోరులో ఊట ఊరుతుందన్న సంగతి బోర్లు ఎండాక గాని తలకెక్కలేదు. ప్రభుత్వాలు మళ్లీ సంఘాలను కట్టించాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1997 నాటి చట్టంతో నీటి వినియోగదారుల సంఘాలు, కర్ణాటకలో 2002 నుంచి ప్రపంచబ్యాంకు రుణంతో చెరువు సంఘాలు, తమిళనాడులో 2017లో అదే కుడిమరామత్తు పేరుతో పథకం వచ్చాయి. 2018 నుంచి బెంగళూరులో శుద్ధిచేసిన మురుగునీటిని కోలారు చెరువులకు మళ్లిస్తున్నారు. చెరువులో నీరు నింపడం ఒక పని. ఆ నీటికి చుట్టూ మనుషులను కట్టడం మరొక పని. రెండవది గొట్టంలో రాదు.

ఇక్కడే మన విద్యార్థులు చేయగలిగింది ఉంది. సెలవులకు ఊరు వెళ్లినప్పుడు, నీరుగంటి పని చేసిన కుటుంబం ఇంకా ఉంటే, ఆ ఇంటి పెద్దను తగిన మర్యాదతో అడగండి. తూముకు ఎన్ని మెట్లున్నాయి, ఏ మెట్టు దాకా నీరుంటే ఎంత నేల తడిపేవారు, అలుగు ఎత్తుకు గుర్తు ఏది, పై ఊరితో తగవు వస్తే ఎవరెవరు కూర్చొనేవారు, కూలి ఎంత కొలిచేవారు అన్నవి రాసుకోండి. ఆయన చెప్పిన మాట తెలుగో, కన్నడమో, తమిళమో తేల్చడానికి తొందరపడకండి. చెప్పినది చెప్పినట్టు రాయండి. ఆ మాటలు పోతే వాటితో పాటు ఒక ఊరు మరొక ఊరికి ఇచ్చిన మాట కూడా పోతుంది.