బోయింగ్ 707

అమెరికా సంయుక్త రాష్ట్రముల వాయవ్యభాగమున, సియాటిల్ నగరమునందు నాడు నెలకొనియుండిన బోయింగ్ విమాన నిర్మాణ సంస్థ స్వీయధనము నొడ్డి రూపొందింపగా, పాన్ అమెరికన్ విమాన సంస్థ 1958 అక్టోబరు 26వ తేదీన న్యూయార్కు నుండి పారిస్‌కు తొలిసారి ప్రయాణికులతో నడపిన నాలుగు ఇంజనుల జెట్ విమానమునకు బోయింగ్ 707 అని పేరు. జెట్ ప్రయాణ విమానములలో ప్రథమ గౌరవము ఆంగ్లేయుల కామెట్‌కు చెందినది. ఆనాటి విమాన వ్యాపారమున అగ్రాసనము డగ్లస్ కంపెనీది. అట్లయ్యును సముద్రములను దాటు జెట్ ప్రయాణము కొద్దిమంది భాగ్యవంతుల ముచ్చటగా నిలిచిపోక నిత్యవ్యవహారముగా మారుటకు 707 విమానమే ముఖ్యకారణమైనది. దాని వేగమును గూర్చి ఎల్లరును చెప్పుదురు. కాని 132 అంగుళములతో మొదలై, 144కు పెరిగి, 148 వద్ద నిలిచిన దాని దేహపు వెడల్పునందే ఆనాటి పోటీ చరిత్ర అధికముగా ఇమిడియున్నదని ఈ వ్యాసకర్త అభిప్రాయము.

బోయింగ్, డగ్లస్ సంస్థల నడుమ స్పర్ధ జెట్ యుగమునకు పూర్వమే వేరూనినది. 1933లో బోయింగ్ సంస్థ 247 అను లోహవిమానమును వెలయించి, తొలి 60 విమానములను తనతో వాణిజ్యబంధము గల యునైటెడ్ సంస్థకే కేటాయించినది. తమకును కావలెనని కోరిన టి.డబ్ల్యు.ఎ. విమాన సంస్థకు వరుసలో నిలిచి వేచియుండుటకు మనసొప్పక, ఇతర నిర్మాతలకు లేఖలు వ్రాయగా, దానికి సమాధానముగా కాలిఫోర్నియాలో డోనాల్డ్ డగ్లస్ నిర్మించిన నమూనానుండి డి.సి.-2, డి.సి.-3 విమానములు పుట్టినవి. డి.సి.-3 ఎదుట 247 కొద్ది సంవత్సరములలోనే వెలవెలబోయినది. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మటను డి.సి.-6, డి.సి.-7 లతో డగ్లస్ కీర్తి వర్ధిల్లుచుండగా, బోయింగ్ నిర్మించిన స్ట్రాటోక్రూయిజర్ విమానములు 56 మాత్రమే అమ్ముడుపోయినవి; ఆ వ్యాపారమున సంస్థకు నష్టమే మిగిలినది. బాంబర్లు చేయుటలో బోయింగ్ దిట్టయే గాని ప్రయాణికుల విమానములు దాని చేతిపని కాదను భావన విమాన సంస్థల అధిపతులలో స్థిరపడియుండెను.

ఈ లోపల ఇంగ్లండున డి హావిలాండ్ సంస్థ ఎవ్వరును ఊహింపని ముందంజ వేసినది. 1949 జూలై 27న హాట్‌ఫీల్డునందు జాన్ కన్నింగ్‌హామ్ నడుపగా కామెట్ తొలిసారి ఎగిరెను. 1952 మే 2న లండన్ నుండి జోహానెస్‌బర్గునకు ప్రయాణికుల సేవ ఆరంభమయ్యెను. అందు పట్టువారు 36 మందియే. అయినను పిస్టన్ ఇంజనుల అదురును, గాలివానల కుదుపును క్రింద విడిచి, నిర్మలమైన ఎత్తులలో నిశ్చలముగా సాగు ఆ ప్రయాణమును రుచి చూచినవారు మరల పాత విమానముల వంక చూడలేదు. సరిగా ఏడాదికి, 1953 మే 2న, కలకత్తానుండి ఢిల్లీకి బయలుదేరిన కామెట్ పెనుగాలివానలో విచ్ఛిన్నమై అందున్న 43 మంది మరణించిరి. 1954 జనవరి 10న ఎల్బా ద్వీపము చెంత 35 మంది, ఏప్రిల్ 8న నేపుల్స్ సమీప సముద్రమున 21 మంది ఇట్లే ఆహుతియైరి. ఫార్న్‌బరో పరిశోధనాలయమున ఆర్నాల్డ్ హాల్ నాయకత్వమున శాస్త్రజ్ఞులు ఒక కామెట్ దేహమును పెద్ద నీటితొట్టిలో ముంచి, ఎగురుటలో కలుగు గాలి ఒత్తిడిని నీటి ఒత్తిడితో అనుకరించుచు మరల మరల నింపి వదలగా, నిజముగా ఎగిరిన సారులతో కలిపి దాదాపు 3,000 ఆవృత్తులకే లోహపు పొర చిట్లెను. ఇనుపతీగను అటునిటు వంచగా వంచగా తుదకు అలసి తెగిపోవునట్లే, రంధ్రముల మూలల వద్ద కేంద్రీకృతమైన ఒత్తిడిచేత ఆ పలుచని పొర అలసినదని తేలినది. ఆ పరిశోధన ఫలితము దాచబడక ప్రపంచ నిర్మాతలందరికిని అందినది. తమ కష్టముతో పరులకు దారి చూపిన డి హావిలాండ్ వారియెడ విమాన చరిత్రకారులు కృతజ్ఞత మరువరాదు.

బోయింగ్‌కు ఈ రంగమున గల నిజమైన మూలధనము బాంబర్ల నిర్మాణమున గడించిన అనుభవమే. 1945లో ఓడిన జర్మనీకి వెళ్లిన బోయింగ్ ఇంజనీరు జార్జి షైరర్, అచ్చటి పరిశోధనపత్రములలో వెనుకకు వాలిన రెక్కలు ధ్వనివేగమునకు చేరువలో ఎదురగు నిరోధమును తగ్గించునని కనుగొని, వెంటనే సియాటిల్‌లోని సహచరులకు లేఖ వ్రాసెను. ఆ లేఖ ఫలితముగా 1947 డిసెంబరులో ఎగిరిన బి-47 బాంబరునకు రెక్కలు 35 డిగ్రీలు వెనుకకు వాలియుండెను. కామెట్ ఇంజనులు రెక్క మొదలులో పూడ్చబడియుండగా, ఇందలి ఇంజనులు వేరువేరు తొడుగులలో అమర్చబడి రెక్కక్రింద వ్రేలాడుచుండెను. ఒక ఇంజను మండినను, పగిలినను ఆ కీడు రెక్కకు పాకుట అరుదు. మరమ్మతుచేయు పనివాడు నేలమీద నిలిచియే దాని మూత తెరువవచ్చును. ఆ పొందికనే నేటి విమానములలో పెక్కింట చూచుచున్నాము.

1945 నుండి సంస్థకు అధ్యక్షుడుగానున్న విలియమ్ అలెన్ వృత్తిచేత న్యాయవాది, స్వభావముచేత మిక్కిలి జాగరూకుడు. అట్టివాడు 1952 ఏప్రిలులో, ఒక్క విమాన సంస్థయైనను కొనుటకు ముందుకు రాకయే, యుద్ధానంతరము ఆర్జించిన లాభములో అధికభాగమగు 1 కోటి 60 లక్షల డాలర్లను ఒకే ఒక నమూనాకు వెచ్చించుటకు డైరెక్టర్ల సమ్మతి పొందెను. పోటీదారులు పసిగట్టకుండుటకై దానికి తమ పాత సరకు విమానమగు స్ట్రాటోఫ్రైటరు యొక్క మరియొక రూపమన్నట్లు 367-80 అను సంఖ్య నిచ్చిరి. పనివారు దానిని 'డాష్ 80' అనియే పిలిచిరి. 1954 మే నెలలో రెంటన్ కర్మాగారపు తలుపులు తెరచి విమానమును వెలికి తెచ్చినప్పుడు సంస్థాపకుడైన వృద్ధ విలియమ్ బోయింగ్ సన్నిధిలో ఆయన భార్య నామకరణము చేసెను. వారము గడచునంతలో, నేలమీద నడపి పరీక్షించుచుండగా ఎడమవైపు చక్రముల కాలు విరిగి, విమానము ఆ ప్రక్కకు ఒరిగి కూలబడెను. లోపము సవరించిన పిదప జూలై 15న 'టెక్స్' అను మారుపేరు గల ఆల్విన్ జాన్‌స్టన్ దానిని తొలిసారి ఆకాశమున కెత్తెను.

ఈ జాన్‌స్టన్ మరుసటి ఏట ఆగస్టులో గావించిన సాహసము నేటికిని కథగా చెప్పుకొనబడుచున్నది. వాషింగ్టన్ సరస్సుపై పడవ పందెములు జరుగుచుండగా, అలెన్ ఆహ్వానించిన విమాన సంస్థల అధికారులు, లక్షల జనము తలలెత్తి చూచుచుండగా, అంతటి పెద్ద విమానమును బొంగరమువలె పొర్లించి తలక్రిందుగా తిప్పి, అది చాలదన్నట్లు మరలి వచ్చి రెండవసారియు అట్లే తిప్పెను. మరునాడు అలెన్ పిలిచి ఏమి చేయుచుంటివని నిలదీయగా, విమానములు అమ్ముచుంటినని అతడు బదులిచ్చెనని చెప్పుదురు.

అమ్మకము అంత సులభముగా జరుగలేదు. డాష్ 80 దేహము 132 అంగుళముల వెడల్పుది. అందు వరుసకు ఐదుగురు కూర్చుండవచ్చును. ఆకాశమున బాంబర్లకు ఇంధన మందించుటకై ఇదే పోకడలో విమానములు కావలెనని 1954లో అమెరికా వైమానిక దళము కోరినప్పుడు వెడల్పు 144 అంగుళములకు పెరిగినది. కె.సి.-135 అను ఆ విమానములే సంస్థ ఖజానాకు ఊపిరి పోసినవి. వాటి ప్రక్కనే ప్రభుత్వపు రెంటన్ కర్మాగారమున ప్రయాణికుల విమానములను గూడ నిర్మించుకొనుటకు 1955 జూలైలో అనుమతి లభించినది. ఒకే అచ్చులో రెండు విమానములు పోసినచో ఖర్చు కలిసివచ్చునని సంస్థ ఆశ పడెను.

ఆ ఆశకు డగ్లస్ గండి కొట్టినది. పిస్టన్ విమానములు బాగుగా అమ్ముడుపోవుచుండగా ఇన్నాళ్లు తటపటాయించిన డోనాల్డ్ డగ్లస్ 1955 జూన్‌లో డి.సి.-8 జెట్ విమానమును నిర్మింతునని ప్రకటించెను. అది కాగితముమీది విమానమే. కాని కాగితముమీదనున్నందువలననే కొనువారి కోరిక ననుసరించి మార్చుటకు వీలైనది. దాని దేహము 147 అంగుళములు. నడవకు ఇరువైపుల ముగ్గురేసి వరుసకు ఆరుగురు సుఖముగా ఇమిడెదరు. ఎగురుచున్న విమానము బోయింగ్ చేతనుండగా, ఆ కొద్ది అంగుళములకై యునైటెడ్ సంస్థ 1955 అక్టోబరులో 30 డి.సి.-8 లను కోరినది. అదే నెల 13న పాన్ అమెరికన్ అధిపతి జువాన్ ట్రిప్ 20 బోయింగ్‌లు, 25 డగ్లస్‌లు మొత్తము 26 కోట్ల 90 లక్షల డాలర్ల వెలకు కొనుచున్నట్లు వెల్లడించి లోకమును నివ్వెరపరచెను. ఇద్దరినడుమ పంచినట్లు కనబడిన ఆ బేరమున డగ్లస్‌కే పెద్దపాలు దక్కినది. అట్లాంటిక్కును ఎక్కడను ఆగక దాటగల విమానమును చేయుమని అది బోయింగ్‌కు గట్టి హెచ్చరిక.

అలెన్ తన జీవితమున తీసికొనిన నిర్ణయములలో 1952 నాటిదే ధీరమైనదని పలువురు తలంతురు. నా దృష్టిలో 1955 శరత్తులో చేసినది అంతకంటె క్లిష్టమైనది. సిద్ధము చేసికొనిన అచ్చులు, పనిముట్లు చాలవరకు వృథా యగునని ఎరిగియు, 707 దేహమును డగ్లస్ కంటె ఒక అంగుళము మించునట్లు 148కి పెంచుటకు ఆయన ఒప్పుకొనెను. నవంబరులో అమెరికన్ ఎయిర్‌లైన్స్ 30 విమానములు కోరినది. రెక్కను పెంచి, మరింత బలమైన ఇంజనులతో ఖండాంతర రూపమును గూడ నిర్మింతుమని మాట యిచ్చిరి. తుదకు పాన్ అమెరికన్ కొద్దిపాటి మొదటి రూపములను పుచ్చుకొని, తక్కినవానిని ఆ పెద్దరూపముననే తీసికొనినది. పోటీలో మూడవవాడుగా దిగిన కాన్‌వేర్ సంస్థ, వరుసకు ఐదుగురు పట్టు సన్నని దేహమునే నమ్ముకొని 880, 990 విమానములను చేసి, రెండింటిని కలిపి 102 మాత్రమే నిర్మించి, దాదాపు 42 కోట్ల 50 లక్షల డాలర్లు నష్టపోయినది. ఒక అమెరికన్ కంపెనీకి అంతటి నష్టము అప్పటివరకు కలిగియుండలేదు.

కామెట్ దుర్ఘటనలు ప్రజల మనసులో నాటిన భయమును తొలగించుట వేరొక కార్యము. బోయింగ్ వారు 707 దేహపు పొరను మందముగా చేసి, లోపల టైటానియపు పట్టీలు బిగించి, చీలిక పుట్టినను ముందుకు సాగక పట్టీవద్ద ఆగునట్లు ఏర్పరచిరి. గాలి నింపిన రెండు విమానదేహములపై పదునైన ఉక్కు కత్తులను పడవేసి చలనచిత్రము తీసిరి. పట్టీలు లేని దేహము బాంబువలె పేలి చెల్లాచెదరు కాగా, పట్టీలున్నది కత్తులు దిగిన చోట బుసకొట్టుచు గాలిని వదలి చెక్కుచెదరక నిలిచెను.

1958 అక్టోబరు 4న ఆంగ్లేయుల విమాన సంస్థయగు బి.ఓ.ఎ.సి. సవరించిన కామెట్-4 తో లండన్, న్యూయార్కుల నడుమ సేవ ప్రారంభించి, పాన్ అమెరికన్ కంటె మూడువారములు ముందు నిలిచినది. ఆ గౌరవము ఆంగ్లేయులకు న్యాయముగా దక్కినదే. కాని అదే బి.ఓ.ఎ.సి. రెండేండ్లక్రితమే రోల్స్‌రాయిస్ కాన్వే ఇంజనులు గల 15 బోయింగ్ 707 లకు ఆర్డరు నిచ్చియుండెను. డి.సి.-8 ప్రయాణికులతో ఎగురుటకు 1959 సెప్టెంబరు వరకు పట్టినది.

తొలినాటి 707 దోషరహితము కాదు. బరువుతో లేచునప్పుడు ఇంజనులకు అదనపు శక్తికై నీటిని చిమ్మెడివారు. అందువలన చెవులు చిల్లులుపడు మ్రోతతో, నల్లని పొగతెరతో అది నింగికెక్కెడిది. న్యూయార్కు విమానాశ్రయపు అధికారులు అంగీకరింపనందున ఇంజను వెనుకభాగమున శబ్దము తగ్గించు గొట్టముల గుత్తిని అమర్చవలసి వచ్చినది. వాలిన రెక్కల సహజదోషమగు ప్రక్కఊపు, అనగా ముక్కు కుడియెడమలకు తిరుగుచు రెక్కలు పైకి క్రిందికి ఊగు కదలిక, అజాగ్రత్తగా నడపినచో అదుపుతప్పెడిది. 1959 అక్టోబరులో శిక్షణ విమానమొకటి దీనివలననే కూలినది. ఆంగ్ల విమాన తనిఖీ సంస్థ పట్టుబట్టగా నిలువు తోకను ఎత్తు పెంచి, చుక్కానికి యంత్రసహాయము కల్పించిరి. కొంత గాలిని మండించక చుట్టునుండి పంపు క్రొత్త తరపు ఇంజనులు 1960 తరువాత వచ్చి మ్రోతను, ఇంధన వ్యయమును రెంటిని తగ్గించినవి.

భారతదేశమునకు 707 చేరుటలో ఆలస్యము జరుగలేదు. జె.ఆర్.డి. టాటా అధ్యక్షతనున్న ఎయిర్ ఇండియా కాన్వే ఇంజనుల 707 లను 1960 ఫిబ్రవరి నుండి పొంది, వానికి హిమాలయ శిఖరముల పేర్లుంచి, అదే సంవత్సరము మే 14న లండన్ మీదుగా న్యూయార్కునకు సేవ నెలకొల్పినది. 1962 జూన్ నాటికి పిస్టన్ విమానములన్నింటిని విడిచి, కేవలము జెట్‌లతోనే నడచు తొలి విమాన సంస్థయని పేరొందినది. ఈ పరంపరలో మరపురాని దుఃఖమును గలదు: 1966 జనవరి 24న 'కాంచన్‌జంగా' అను విమానము ఆల్ప్స్ పర్వతములలో మోఁబ్లాఁ కొండను ఢీకొనగా అణుశాస్త్రజ్ఞుడు హోమీ భాభా మరణించెను. అమెరికా వలస చట్టము 1965లో సడలిన పిదప విదేశములకు తరలిన తెలుగు వైద్యులు, ఇంజనీర్లలో ఎందరో బొంబాయిలో మెట్లెక్కిన విమానము ఇదియే. ఓడపై వారములు పట్టు దూరము వారి తరమున ఒక రాత్రికి, ఒక పగటికి కుదించుకొని పోయినది.

కొనువాని అక్కరనుబట్టి పొట్టిదిగా క్వాంటాస్‌కు, ఎత్తైన విమానాశ్రయములకు తగినదిగా బ్రానిఫ్‌కు, తేలికదగు 720 రూపమున యునైటెడ్‌కు, ఇట్లు బోయింగ్ తన విమానమును పలువిధముల మలచినది. డగ్లస్ ఒకే పొడవును చాలాకాలము పట్టుకొని, 1966 తరువాత దేహమును సాగదీసి బోయింగ్‌ను మించిన పొడవు సాధించినను, అప్పటికి ఆర్థికముగా చితికి 1967లో మెక్‌డానెల్ సంస్థలో విలీనమైనది. డి.సి.-8 లు 556 తోనే ఆగినవి. 707, 720 రూపములు రెండును కలిపి వేయికి మించినవి. 1997లో ఆ మెక్‌డానెల్ డగ్లస్ సంస్థయే బోయింగ్‌లో కలిసినది. 727, 737, 757 విమానములు 707 దేహపు పైభాగపు కొలతనే స్వీకరించినవి. నేడు శంషాబాదు నుండి లేచు 737 విమానమున నడవకు ఇరువైపుల మూడేసి ఆసనములలో కూర్చుండు ప్రయాణికుడు, యునైటెడ్ ఆర్డరు చేజారిన ఆ శరత్తులో అలెన్ ఒప్పుకొనిన 148 అంగుళముల లోపలనే కూర్చుండుచున్నాడు.