ముద్రిత వలయ ఫలకం - పరిభాష

ముద్రిత వలయ ఫలకం, అనగా పీసీబీ, తయారీలో వాడే పదాలు చాలావరకు ఆంగ్లం నుండి యథాతథంగా వచ్చినవే. గాజునార, ఎపాక్సీలతో చేసిన ఆధార పలకలలో ప్రసిద్ధమైనది ఎఫ్ఆర్-4. సాధారణ మందం 1.6 మి.మీ. దానిపై అతికించిన రాగిరేకు మందాన్ని ఔన్సులలో చెప్పడం విద్యార్థులను తికమకపెడుతుంది. ఔన్సు బరువుకు కొలమానం కదా! ఒక ఔన్సు రాగిని ఒక చదరపు అడుగు మేర సమంగా పరచినపుడు వచ్చే మందమే, అనగా సుమారు 35 మైక్రోమీటర్లు, "ఒక ఔన్సు రాగి".

అక్కరలేని రాగిని రసాయనాలతో కరిగించి తొలగించడం ఎచింగ్. మిగిలిన రాగి దారులు ట్రాకులు. పొరలను కలిపే, లోపల రాగిపూత గల రంధ్రం వయా. దాని చుట్టూ ఉండే రాగి అంచును యాన్యులర్ రింగ్ అంటారు. రంధ్రం కేంద్రం నుండి జరిగితే ఈ అంచు ఒకవైపు సన్నబడుతుంది, పూర్తిగా తెగిపోవచ్చును కూడా. దీనిని బ్రేకవుట్ అంటారు. ట్రాకు వచ్చి కలిసే వైపే తెగితే సంధానం చెడే ప్రమాదం ఎక్కువ. ఫలకానికి పరిచితమైన ఆకుపచ్చ రంగు సోల్డర్ మాస్క్ పూతది. కరిగిన టంకం పక్క ట్రాకులకు పాకకుండా ఇది కాపాడుతుంది.