మట్టి చొక్కా పాట, రెండు శిబిరాల చావులు

బెంగాల్ నాగపూర్ రైల్వే నాటి నుంచి ఉత్తరాంధ్ర కుటుంబాలు పనికోసం చేరుకున్న ఊళ్ళలో బిలాస్‌పూర్ ఒకటి. ఊరికి ఒక అంచున మోప్కా. మరో వైపు, తఖత్‌పూర్ దారిలో, పెండారి అనే పల్లె. దేశ రాజకీయాలను గమనించే పాఠకులకు ఆ రెండో పేరు గుర్తుండాలి. గుర్తులేకపోతే ఈ వ్యాసం అందుకోసమే.

ఆ నేల మీద పుట్టిన పాట ఒకటుంది: ‘చోలా మాటీ కే’. ఛత్తీస్‌గఢీ జానపద బాణీలో గంగారాం సాఖేత్ కట్టినది. ఒళ్ళంటే మట్టి చొక్కా, దాని మీద భరోసా పెట్టుకోవద్దని దాని సారం. మన తత్వాలు దేహాన్ని మట్టికుండతో పోల్చినట్టే ఇదీను. చావు జరిగిన ఇంట మనిషిని ఓదార్చడానికి ఇంతకంటే మంచి మాట లేదు. కానీ అదే మాట ఇంటి గడప దాటి అధికార పీఠం దగ్గరికి చేరితే ఏమవుతుంది?

2014 నవంబరు 8న పెండారిలో, వాడకంలో లేని ఒక ఆసుపత్రి భవనంలో కు.ని. శిబిరం పెట్టారు. ఒకే శస్త్రవైద్యుడు కొద్ది గంటల్లో 83 మంది స్త్రీలకు ఆపరేషన్లు చేశాడు. ఒక బృందం రోజుకు 30కి మించి చేయరాదని ప్రభుత్వ నిబంధన. ఆ తరువాతి రోజుల్లో 13 మంది స్త్రీలు మరణించారు. అందరూ పేదింటి వారే. అదే ఏడాది జనవరిలో, 50,000 శస్త్రచికిత్సలు పూర్తిచేసినందుకు అదే వైద్యుడిని రాష్ట్ర ప్రభుత్వం సత్కరించి ఉంది. సంఖ్యకు శాలువా కప్పే వ్యవస్థలో వేగమే ప్రతిభగా చలామణి అవుతుంది. పరిహారం ప్రకటించారు, విచారణ వేశారు, మందులను అనుమానించారు. దేశం ఒక వారం అట్టుడికి, ఆపై మరో వార్తకు మళ్ళింది.

2016 సెప్టెంబరు 14న, దేవికా బిశ్వాస్ కేసులో, సుప్రీంకోర్టు ఈ శిబిరాల పద్ధతికే స్వస్తి పలకాలని చెప్పింది. రాష్ట్రాలను ఒప్పించే బాధ్యత కేంద్రానికి అప్పగించింది. గడువు మూడేళ్ళు.

ఆ గడువు ముగిసిన మరో మూడేళ్ళకు, 2022 ఆగస్టు 25న, మన రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో అదే రకం శిబిరం జరిగింది. 34 మందికి శస్త్రచికిత్స. నలుగురు తల్లులు చనిపోయారు. మళ్ళీ విచారణ, మళ్ళీ పరిహారం. పెండారి చావులకు అయ్యో అన్న మనం వాటినుంచి ఏమి నేర్చుకున్నామో ఆ రోజు తేలిపోయింది.

ఇది మనకు దూరపు సంగతి కాదు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహితల్లో దాదాపు 70 శాతం మంది ఈ శస్త్రచికిత్స చేయించుకున్నవారే. తెలంగాణలో 60 శాతానికి పైగా. మగవారి వాటా నామమాత్రం. బిడ్డల్ని కనడమూ ఆమె వంతే, కనకుండా చూసుకోవడమూ ఆమె వంతే, ఆ బల్ల మీద ప్రాణం పోతే ‘రాసిపెట్టి ఉంది’ అనిపించుకోవడమూ ఆమె వంతే.

ఇక్కడే ఆ పాటను మరోసారి వినాలి. ‘పీప్లీ లైవ్’ (2010) చిత్రంలో నగీన్ తన్వీర్ దాన్ని పాడారు. ఛత్తీస్‌గఢ్ జానపద కళాకారులను దేశం ముందు నిలిపిన హబీబ్ తన్వీర్ కుమార్తె ఆమె. ఆత్మహత్య చేసుకుంటానన్న ఒక రైతు ఇంటి చుట్టూ కెమెరాలు మూగుతాయి. అదే ఊళ్ళో మట్టి తవ్వి అమ్ముకు బతికే మరో రైతు, తాను తవ్విన గోతిలోనే, ఎవరికీ పట్టకుండా చనిపోతాడు. ఆ కథ పక్కన మట్టి చొక్కా పాట వైరాగ్యగీతంగా మిగలదు. అందరం మట్టిలో కలిసేవాళ్ళమే, నిజం. మరి కొందరినే తొందరగా ఆ మట్టిలోకి నెడుతున్నదెవరని అది నిలదీస్తుంది.

మృత్యువు అందరికీ సమానమని పాట అంటుంది. పెండారి వరుసలో నిలబడ్డ 83 మందిలో సంపన్నుల ఇంటి కోడలు ఒక్కరూ లేరు. కనుక ఆ వేదాంతం పోగొట్టుకున్నవారి సొత్తు. కన్నీళ్ళు తుడుచుకోవడానికి వారు దాన్ని పాడుకోవచ్చు. చేతులు కడుక్కోవడానికి ప్రభుత్వం పాడకూడదు. బాధ్యత తప్పించుకోవడానికి మనమూ పాడకూడదు.

మీ మండలంలో ఈసారి శిబిరం ప్రకటన కనిపిస్తే మూడు ప్రశ్నలు వేయండి. వైద్యులు ఎందరు? పరికరాలు ఎన్ని? పేర్లు నమోదైన స్త్రీలు ఎందరు? ఆ లెక్క ముందే అడిగేవారుంటే, తరువాత పాట పాడవలసిన ఇళ్ళు కొన్ని తగ్గుతాయి.