పారదర్శకతా భ్రమ

మనసులో మెదిలేది మొహంలో బయటపడిపోతోందని, ఎదుటివారు దాన్ని ఇట్టే పట్టేస్తున్నారని అతిగా ఊహించుకోవడాన్ని మనస్తత్వశాస్త్రంలో పారదర్శకతా భ్రమ అంటారు. అమెరికన్ పరిశోధకులు థామస్ గిలోవిచ్, కెనెత్ సావిట్‌స్కీ, విక్టోరియా మెడ్‌వెక్ 1998లో ప్రచురించిన ప్రయోగాలతో ఈ పేరు స్థిరపడింది. వాటిలో ఒకదానిలో అబద్ధం చెప్పినవారు, తోటివారిలో దాదాపు సగం మంది తమను పట్టేసి ఉంటారని అనుకున్నారు. నిజంగా పట్టుకున్నది సుమారు నాలుగోవంతు మందే.

అంతకుముందే, 1990లో, స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ చేసిన ప్రయోగం ఇంకా ముచ్చటైనది. అందరికీ తెలిసిన పాటల లయను కొందరు బల్ల మీద వేళ్లతో తట్టాలి. వినేవారు ఆ పాటేదో చెప్పాలి. సగం పాటలైనా పోల్చుకుంటారని తట్టినవారి ధీమా. 120 పాటల్లో పోల్చుకున్నవి మూడే! తట్టేవారి చెవిలో పాట మొత్తం మోగుతూనే ఉంటుంది. వినేవారికి చేరేది ఉత్త టకటకలే. ఈ భ్రమకు కారణమూ అక్కడే ఉంది. అంచనా వేసేటప్పుడు మన అనుభూతి నుంచే మొదలుపెడతాం. అది ఇతరులకు అంతగా అందదని తెలిసి కొంత తగ్గిస్తాం గానీ, తగ్గించవలసినంత తగ్గించం.

వేదిక భయానికి ఇది ఆజ్యం పోస్తుంది. వణుకు సభకు కనబడుతోందన్న దిగులుతో వణుకు ఇంకాస్త పెరుగుతుంది. 2003లో సావిట్‌స్కీ, గిలోవిచ్ కొందరు వక్తలకు ఈ భ్రమ సంగతి ముందే చెప్పి మాట్లాడించారు. వారి ప్రసంగాలు వారికీ, చూసినవారికీ మెరుగ్గా అనిపించాయి. కంగారు సహజమేనని, దిగులు పడవద్దని మాత్రమే చెప్పినవారికి ఆ మేలు జరగలేదు. ఉత్త ధైర్యవచనాల కంటే అసలు సంగతి తెలియడమే ఎక్కువ పనిచేసిందన్నమాట.

ప్రమాద సమయాల్లో దీని నష్టం పెద్దది. గదిలోకి పొగ వస్తున్నప్పుడు ప్రతివారూ పైకి నిబ్బరంగా కూర్చుని, తమ ఆందోళన మాత్రం తెలిసిపోతూనే ఉందనుకుంటారు. పక్కవారి నిబ్బరాన్ని నిజమని నమ్మి, భయపడవలసిందేమీ లేదని తీర్మానించుకుంటారు.

దగ్గరివారి మధ్య ఈ భ్రమ ఉండదనుకోవడానికీ వీల్లేదు. 2011లో సావిట్‌స్కీ బృందం, రెండర్థాలు వచ్చే మాటలను దంపతుల చేత జీవిత భాగస్వామితోనూ, పరాయివారితోనూ చెప్పించి చూసింది. తమ భాగస్వామికి బాగా అర్థమైందని చెప్పినవారు నమ్మారు. అర్థం చేసుకోవడంలో భాగస్వాములు పరాయివారిని మించిందేమీ లేదు.