పొత్తుల లెక్క: మద్రాసు రాష్ట్రమున 1967 లోకసభ ఎన్నికలు

1962లో మద్రాసు రాష్ట్రమున లోకసభకు జరిగిన ఎన్నికలలో కాంగ్రెసు పక్షమునకు నూటికి 45 వోట్లు లభించెను; ఆ పక్షము గెలిచిన స్థానములు 31. 1967లో అదే పక్షమునకు నూటికి 41కి పైగా వోట్లు లభించెను. గెలిచిన స్థానములు 3 మాత్రమే. నూటికి నాలుగు వోట్లు తగ్గినంతనే ఇన్ని స్థానములు చేజారుటకు కారణమేమి? ప్రజల మనస్సు మారుట యొక్కటే కారణమన్నచో లెక్క సరిపడదు. సమాధానమును పొత్తులయందును, నియోజకవర్గములయందును వెదుకవలసియున్నది.

మన విధానమున నియోజకవర్గమునకు ఒక్కరే ప్రతినిధి. పోటీ చేసినవారిలో అందరికంటె ఎక్కువ వోట్లు వచ్చినవారు గెలుతురు. సగమునకు మించి రావలెనను నియమము లేదు. నూరు వోట్లలో ఒకరికి 42, వేరొకరికి 33, మూడవవారికి 25 వచ్చినచో, 58 మంది కోరనివారే లోకసభకు పోవుదురు. ఆ ఇద్దరు ప్రత్యర్థులలో ఒకరు తప్పుకొని తమ వోట్లను రెండవవారికి మరల్పగలిగిరా, 42 వచ్చినవారు ఒక్క వోటైనను కోల్పోకయే ఓడిపోవుదురు. పొత్తు బలమంతయు ఈ చిన్న లెక్కలో నున్నది.

1962లో మద్రాసు రాష్ట్రమునకు 41 స్థానములుండెను. కాంగ్రెసుకు 31 పోగా, ద్రావిడ మున్నేట్ర కళగమునకు 7, కమ్యూనిస్టులకు 2, ఫార్వర్డు బ్లాకునకు 1 దక్కెను. ప్రతిపక్షములన్నియు ఏకముగా నిలువలేదు. శాసనసభకు కాంచీపురమున నిలిచిన అణ్ణాదురైగారే ఓడిపోయిరి.

అటుపిమ్మట 1961 జనాభా లెక్కలనుబట్టి నియోజకవర్గముల హద్దులు మారెను. మద్రాసు స్థానములు 41 నుండి 39కి తగ్గెను. మన ఆంధ్రప్రదేశ్ స్థానములును 43 నుండి 41కి తగ్గెను. ఈ క్రొత్త హద్దులలోనే 1967 పోటీ జరిగెను.

1965లో హిందీకి వ్యతిరేకముగా విద్యార్థులు సాగించిన ఆందోళనయు, బియ్యపు కొరతయు ప్రభుత్వముపై జనులకు విముఖత కలిగించెను. రూపాయికి మూడు పడుల బియ్యమిత్తుమని కళగము వాగ్దానము చేసెను. అయినను అణ్ణాదురైగారు జనుల అసంతృప్తినే నమ్ముకొని కూర్చుండలేదు. రాజాజీగారి స్వతంత్ర పక్షమును, మార్క్సిస్టు కమ్యూనిస్టులను, ముస్లిం లీగును, సోషలిస్టు పక్షములను కూడగట్టిరి. స్వతంత్ర పక్షము 1959లో సహకార వ్యవసాయ విధానము నెదిరించుచు వెలసినది; దాని తొలి అధ్యక్షులు మన ఆచార్య రంగాగారు. అట్టి పక్షమును, మార్క్సిస్టులును ఒకే పందిరి క్రిందికి వచ్చుట పలువురకు చోద్యముగా తోచెను. కాని ఆ కూటమి సిద్ధాంతములను కలుపలేదు, నియోజకవర్గములను పంచుకొన్నది. రాష్ట్రమంతటను బలమున్న కళగము 25 స్థానములలో మాత్రమే నిలిచి, తక్కిన 14 స్థానములను విడిచిపెట్టెను.

ఫలితమిది: నిలిచిన 25 చోట్లను కళగము గెలిచెను. తక్కిన 14లో స్వతంత్ర పక్షమునకు 6, మార్క్సిస్టులకు 4, లీగు అభ్యర్థికి 1, కాంగ్రెసుకు 3. లోకసభకు కళగమునకు వచ్చిన వోట్లు కాంగ్రెసు వోట్లకంటె తక్కువయే! అదే సమయమున శాసనసభకు జరిగిన ఎన్నికలలో కామరాజుగారు విరుదునగరమున ఓడిరి. ముఖ్యమంత్రి భక్తవత్సలముగారును ఓడిరి. అణ్ణాదురైగారు ముఖ్యమంత్రియైరి.

ఇచట 1952 నాటి సంగతి తలంచుకొనుట మంచిది. ఆంధ్ర ప్రాంతము అప్పటికి మద్రాసు రాష్ట్రములోనిదే. 375 స్థానముల శాసనసభలో కాంగ్రెసుకు 152 మాత్రమే వచ్చెను. ఎన్నికల పిమ్మట కమ్యూనిస్టులతో సహా ప్రతిపక్షములు చేరి ప్రకాశం పంతులుగారిని నాయకునిగా ఎన్నుకొనెను. గవర్నరు శ్రీప్రకాశగారు వారిని పిలువక, రాజాజీగారిని పిలిచిరి. ఆనాడు కమ్యూనిస్టులు పాలనకు రాకుండ అడ్డుపడిన రాజాజీగారే 1967లో మార్క్సిస్టులున్న కూటమికి పెద్దదిక్కైరి. ఇందొక ముఖ్య భేదము కలదు. 1952 కూటమి వోట్లు లెక్కించిన తరువాత పుట్టినది. 1967 కూటమి వోటరు ఎదుట ముందుగానే నిలిచినది.

1969లో రాష్ట్రమునకు తమిళనాడను పేరు వచ్చెను. అదే యేట కాంగ్రెసు చీలెను. 1971లో ఇందిరాగాంధీగారి కాంగ్రెసు కళగముతో పొత్తు కుదుర్చుకొని, లోకసభకు 9 చోట్ల నిలిచి తొమ్మిదింటను గెలిచెను. అందులకు బదులుగా శాసనసభకు ఒక్కచోటనైనను పోటీ చేయలేదు. కామరాజుగారి పాత కాంగ్రెసునకు నూటికి 30 వోట్లు వచ్చినను లోకసభ స్థానమొక్కటే దక్కెను. అది వారు స్వయముగా నిలిచిన నాగర్‌కోయిల్. ఆ మారు రాజాజీగారు కామరాజుగారి వైపున నుండిరి. ఇందిరాగాంధీగారి పక్షము ఢిల్లీకి సభ్యులను సంపాదించుకొన్నది గాని, శాసనసభ పోటీలో గ్రామ గ్రామమున తన గుర్తును వదలుకొన్నది. పొత్తునకు చెల్లింపవలసిన వెల యిట్టిది.

పొత్తు లేకున్నను ఈ లెక్క తప్పదు. 2014లో అన్నా ద్రావిడ మున్నేట్ర కళగము ఒంటరిగా నిలిచి 39లో 37 గెలిచెను; ఎదుటి పక్షములు చీలియుండుటయే అందుకు పెద్ద తోడ్పాటు.

కావున పొత్తులను కేవలము అవకాశవాదమని నిందించుటయు, ప్రజాభిప్రాయమునకు ప్రతిబింబమని పొగడుటయు రెండును తొందరపాటే. స్థానమునకు ఒక్కరే గెలుచు విధానమున్నంతకాలము పొత్తులుండక తప్పదు. ఏ పొత్తునైనను తూచుటకు రెండు ప్రశ్నలు చాలును: ఆ ఒప్పందము వోటరుకు ముందే తెలిసినదా? తన పక్షపు గుర్తు కానరాని చోట ఆ వోటరు ఎవరికి వోటు వేయవలసివచ్చినది? మన ఉద్యోగులలో పెక్కురు ఎన్నికల విధులకు పోవుచుందురు. లెక్కింపు బల్లల వద్ద గెలిచినవారి వోట్లతోపాటు ఓడినవారి వోట్లును లెక్కకు వచ్చును. 1967లో మద్రాసున అట్లు లెక్కించి, స్థానములుగా మారక మిగిలిన వోట్లును పౌరుల మాటలే.